ఎర్రమట్టి ఊళ్ళలో ఆడవాళ్ళ లెక్కలు

సెప్టెంబరులో ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్ళాలని నేనూ మా అమ్మాయీ చాన్నాళ్ళుగా అనుకుంటున్నాం. ఆ నెలలోనే అక్కడ డెజర్ట్ మాబ్ జరుగుతుంది. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారిలో విసిరేసినట్టుండే ఆదివాసీ ఊళ్ళ నుంచి, అక్కడి ఆర్టిస్టులే బోర్డులో ఉండి నడిపించే ఆర్ట్ సెంటర్ల వాళ్ళు ఏడాదికోసారి తమ బొమ్మలు, బుట్టలు, కుండలు, బట్టలు తీసుకొచ్చి పెట్టే ప్రదర్శన ఇది. 1991లో మొదలైంది. ప్రదర్శనతో పాటు మార్కెట్‌ప్లేస్ కూడా ఉంటుంది. అక్కడ తయారుచేసినవాళ్ళ దగ్గరే నేరుగా కొనుక్కోవచ్చు. ఆ తయారుచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, అందులోనూ నానమ్మలు, అమ్మమ్మలు.

నేను అడిలైడ్‌లో అకౌంటెంట్‌ని. చిన్న వ్యాపారాల లెక్కలు చూడడమే నా పని. అందుకే ఈ ప్రయాణంలో నా కళ్ళు రంగుల కంటే ముందు రసీదుల మీద పడ్డాయి. డబ్బు ఎటు నుంచి వస్తుంది, ఎవరి చేతికి వెళుతుంది, ఎవరు నిర్ణయిస్తారు అన్నది తెలుసుకోవాలనే వెళ్ళాను.

అడిలైడ్ నుంచి స్టువర్ట్ హైవే మీద దాదాపు 1,500 కిలోమీటర్లు. కూబర్ పీడీలో రాత్రి ఆగాం. చీకటి పడ్డాక కంగారూలు, పశువులు రోడ్డు మీదికి వస్తాయి కాబట్టి ఆ దారిలో రాత్రిపూట బండి నడపరు. ఆపై ఎర్రమట్టి, బూడిదరంగు పొదలు, మూడు నాలుగు ట్రైలర్లు లాక్కుంటూ వచ్చే రోడ్ ట్రైన్లు. దారి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఆలిస్ స్ప్రింగ్స్ అరెర్న్‌టే ప్రజల నేల. వాళ్ళ భాషలో ఆ చోటు పేరు ఎంబాన్‌ట్వా. ఊరి మధ్యలోంచి పోయే టాడ్ నది ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. నది పక్కనా, పార్కుల్లో గడ్డి మీదా ఆడవాళ్ళు తమ పెయింటింగులు పరుచుకుని కూర్చుంటారు. కొనేవాళ్ళు వంగి చూసి, బేరమాడి వెళ్ళిపోతుంటారు. మాకు ముందు కనిపించింది ఇదే. డెజర్ట్ మాబ్‌లో చూసింది దీనికి పూర్తిగా వేరు.

అరాలూయెన్ ఆర్ట్స్ సెంటర్ దగ్గర గేట్లు తీయకముందే క్యూ ఉంది. లోపల వరసగా టేబుళ్ళు, ప్రతి టేబుల్‌కీ ఒక ఊరి పేరు. వెనకాల కుర్చీల్లో, నేల మీద పరిచిన దుప్పట్ల మీద ఆర్టిస్టులు, వాళ్ళ ఒళ్ళో మనవలు. కార్డ్ మెషిన్లు ఆగకుండా మోగుతున్నాయి. ప్రతి వస్తువుకీ చిన్న కార్డు కట్టి ఉంది. చేసినవాళ్ళ పేరు, ఊరు, ఆర్ట్ సెంటర్, కేటలాగ్ నంబరు అన్నీ అందులో ఉన్నాయి. అమ్మినవాటిని పుస్తకంలో రాసుకుంటున్న అమ్మాయి వేగం చూసి నాకు ముచ్చటేసింది. నంబరు రాసి, పేరు రాసి, వెంటనే తల తిప్పి ఆ పెద్దావిడకు వాళ్ళ భాషలో ఏదో చెబుతోంది. పెద్దావిడ చెయ్యెత్తి సరే అంటోంది. తన వస్తువు ఎంతకి పోయిందో ఆ క్షణంలోనే ఆమెకు తెలుస్తోంది.

ఎర్నబెల్లా టేబుల్ దగ్గర మేం చాలాసేపు ఉండిపోయాం. ఎర్నబెల్లా అనేది పుకట్జా అనే ఊరికి మిషన్ వాళ్ళ కాలం నాటి పేరు. సౌత్ ఆస్ట్రేలియా ఉత్తరపు అంచున, ఏపీవై లాండ్స్ అనే ఆదివాసీల సొంత భూభాగంలో ఉంది. అక్కడికి వెళ్ళాలంటే పర్మిట్ కావాలి. 1948లో ప్రెస్బిటీరియన్ మిషన్‌లో ఒక క్రాఫ్ట్ రూమ్‌గా మొదలైన వాళ్ళ కేంద్రం, దేశంలో ఆగకుండా నడుస్తున్న ఆదివాసీ ఆర్ట్ సెంటర్లన్నిటిలోకీ పాతది. మొదట్లో గొర్రె ఉన్ని వడికి, నేసి, తివాచీలు చేసేవాళ్ళు. 1970ల మొదట్లో బాటిక్, అంటే బట్ట మీద మైనంతో బొమ్మలు వేసి రంగులద్దే పని, నేర్చుకున్నారు. 1975లో ఆ ఊరి ఆడవాళ్ళు కొందరు ఇండోనేషియాలోని యోగ్యకర్తాకి వెళ్ళి, బాటిక్ పరిశోధనా కేంద్రంలో మైనంతో పనిచేసే మెళకువలు నేర్చుకుని వచ్చారు. 2003 నుంచి మట్టిపాత్రలు కూడా చేస్తున్నారు.

నల్లటి పూత మీద తెల్లగా గీతలు గీకిన ఒక కుండ పట్టుకుని చూస్తుంటే, వెనక కూర్చున్న పెద్దావిడ ఏదో అంది. పక్కనున్న అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది: "వాళ్ళమ్మ ఆ గదిలోనే ఉన్ని వడికేదట. ఈమె పిల్లప్పుడు ఆ ఉన్ని మూటల మీదే పడుకునేదట."

మా అమ్మాయి నా చెవిలో, "అమ్మా, అంటే మూడు తరాలు ఒకే షాపులోనా?" అంది. అది విని ఆ అమ్మాయి నవ్వి, మూడు కాదు నాలుగు అంటూ తన వైపు చూపించుకుంది.

ఇక్కడ ఒక పాత లెక్క చెప్పాలి. అది తెలియకపోతే ఆ టేబుల్ దగ్గర జరిగేది ఎంత పెద్ద విషయమో అర్థం కాదు. ఆలిస్ స్ప్రింగ్స్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో 1933 నుంచి 1971 దాకా ఆదివాసీలు పెద్ద పెద్ద పశువుల ఫారాల్లో, ఇళ్ళల్లో, సంస్థల్లో పనిచేసినా చాలామందికి సరైన జీతం దక్కలేదు. ఆడవాళ్ళు వంటలు చేశారు, బట్టలు ఉతికారు, వేరేవాళ్ళ పిల్లల్ని పెంచారు. ప్రతిఫలంగా చాలాసార్లు దొరికింది పిండి, టీ, చక్కెర. ఆ ఎగ్గొట్టిన జీతాల మీద బాధితులందరి తరఫునా కలిపి నడిచిన క్లాస్ యాక్షన్ కేసులో, గరిష్ఠంగా 202 మిలియన్ డాలర్లు చెల్లించడానికి 2024లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒప్పుకుంది. పనిచేసినవాళ్ళలో ఎంతోమంది అప్పటికే పోయారు. ఆ ఆడవాళ్ళ కూతుళ్ళూ మనవరాళ్ళూ ఈరోజు తమ పేరున్న కార్డు కట్టి, ధర రాసి, డబ్బు తమ చేతికి తీసుకుంటున్నారు. ఆ టేబుళ్ళ దగ్గర నిలబడి అది తలుచుకుంటే నాకు గొంతు పట్టేసింది.

మర్నాడు జన్పీ డెజర్ట్ వీవర్స్ అనే, గడ్డితో బుట్టలల్లే ఆడవాళ్ళ సంస్థ గ్యాలరీకి వెళ్ళాం. ఈ ప్రయాణంలో నా మనసు పూర్తిగా లాగేసింది ఈ చోటే.

ముందు వాళ్ళ మాతృసంస్థ గురించి చెప్పాలి. 1980లో సౌత్ ఆస్ట్రేలియాలో పిట్జంట్జాట్జరా అనే ఆదివాసీ ప్రజల భూమి హక్కుల మీద చర్చలు జరుగుతున్నప్పుడు ప్రభుత్వం వాళ్ళు మగవాళ్ళతోనే మాట్లాడుతున్నారని, తమని ఎవరూ అడగడం లేదని ఆడవాళ్ళు గుర్తించారు. తమకంటూ వేరే మండలి పెట్టుకున్నారు. అదే ఎన్‌పీవై విమెన్స్ కౌన్సిల్. సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ సరిహద్దులు కలిసేచోట, 3,50,000 చదరపు కిలోమీటర్ల ఎడారి వాళ్ళ పరిధి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అంత ఉండదు. మనుషులు మాత్రం కొన్ని వేలమందే.

ఊళ్ళలో తమకు తగిన పని, కొద్దిగా సొంత ఆదాయం కావాలని ఆడవాళ్ళు అడుగుతూ వచ్చారు. 1995లో వెస్టర్న్ ఆస్ట్రేలియాలోని పపులన్‌కుట్జా అనే చిన్న ఊళ్ళో బుట్టలల్లడం మీద ఒక వర్క్‌షాప్ పెట్టారు. జన్పీ అంటే గడ్డి. ఎడారి గడ్డిని చుట్టలుగా చుట్టి దారంతో కుట్టుకుంటూ పోవడమే పద్ధతి. చేతులకు కొత్త కాదు. గిన్నెలు తలమీద మోయడానికి జుట్టుతోనూ గడ్డితోనూ చుట్టకుదుళ్ళు చేసుకోవడం వాళ్ళ నానమ్మల కాలం నుంచీ ఉంది. కొన్నేళ్ళలోనే ఆ పద్ధతి ఊరి నుంచి ఊరికి, అక్క నుంచి చెల్లికి పాకిపోయింది. ఇప్పుడు 26 ఊళ్ళలో 400 మందికి పైగా ఆడవాళ్ళు అల్లుతున్నారు.

గ్యాలరీలోకి అడుగు పెట్టగానే ఎండుగడ్డి వాసన. బుట్టలు నేల నుంచి పైదాకా ఉన్నాయి. ఈము ఈకలు గుచ్చినవి, ఎర్రటి ఇనింటి గింజలు కుట్టినవి, రంగు వేసిన రాఫియా నారతో మెలితిప్పినవి. వాటి మధ్య కుక్కలు, పక్షులు, రెక్కలు చాచి నిలబడ్డ ఆడమనుషులు. ఆకాశంలో కృత్తికా నక్షత్రాలుగా మారిన ఏడుగురు అక్కచెల్లెళ్ళ కథ ఆ ఎడారి అంతటా ఉంది. ఒక మగవాడు వెంటపడితే దేశం పొడవునా పారిపోయి చివరికి ఆకాశానికి ఎక్కినవాళ్ళు. ఆ అక్కచెల్లెళ్ళని జన్పీ ఆడవాళ్ళు మనిషెత్తు గడ్డి బొమ్మలుగా చేశారు. 2005లో పపులన్‌కుట్జా వాళ్ళు ఏకంగా ఒక టొయోటా బండిని గడ్డితో అల్లారు. దేశంలో ఆదివాసీ కళకు ఇచ్చే అతిపెద్ద అవార్డు, టెల్‌స్ట్రా అవార్డు, ఆ ఏడాది దానికే వచ్చింది. ఎడారిలో బండి ఎంత అవసరమో తెలిసినవాళ్ళకే ఆ ఆలోచన వస్తుంది. గడ్డి కోయడానికి, వేటకి, ఆస్పత్రికి, చావుకి, అన్నిటికీ టొయోటానే.

అక్కడ పనిచేసే ఆవిడని నా ప్రశ్నలతో విసిగించాను. ఆవిడ మాత్రం ఓపిగ్గా చెప్పింది. వాళ్ళ బండ్లు ఊళ్ళకు వెళతాయి. ఆడవాళ్ళు అల్లినవి తెచ్చి చూపిస్తారు. అక్కడికక్కడే కొని, అక్కడికక్కడే డబ్బు ఇస్తారు. అమ్ముడుపోయాక ఇస్తామనే మాట లేదు. అమ్మకం ఆలస్యమైతే ఆ భారం సంస్థది. కొన్ని వందల కిలోమీటర్ల అవతల, ఒకే ఒక్క స్టోర్ ఉన్న ఊళ్ళో, పాలకీ పిండికీ పట్నం కంటే ఎంతో ఎక్కువ ధర పెట్టాల్సిన చోట, ఆ రోజే చేతికొచ్చే డబ్బు విలువ వేరు. నా క్లయింట్లలో సగంమంది కష్టాలు అమ్మింది ఒకరోజు, డబ్బు వచ్చేది మూడు నెలల తర్వాత అన్నదాని వల్లే. ఆ కష్టం అల్లే మనిషి మీద పడకుండా వీళ్ళు మొదట్లోనే ఏర్పాటు చేసుకున్నారు.

ఇంకో సంగతి. బుట్ట అల్లడానికి స్టూడియో అక్కర్లేదు. చెట్టు కింద, ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ, జ్వరమొచ్చిన మనవడి పక్కన, ఎక్కడైనా అల్లుకోవచ్చు. గడ్డి కోసుకోవడానికి నలుగురూ కలిసి బయల్దేరతారు. దారిలో తినే దుంపలు తవ్వుతారు, పిల్లలకి నీళ్ళుండే చోట్లు చూపిస్తారు, వెళ్ళకూడని చోట్లు చెబుతారు, పాటలు పాడతారు. నేను బ్యాలెన్స్ షీట్ చూసే కళ్ళతో ఆలోచిస్తే ఈ ప్రయాణం ముడిసరుకు ఖర్చు. వాళ్ళకి మాత్రం వ్యాపారం పెట్టుకున్నదే దానికోసం. తమ నేల మీద తాము ఉండడానికి, పిల్లల్ని అక్కడే పెంచడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం నేలని వదిలి పోవాల్సి వస్తే ఇక అర్థం లేదు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా నాకు ఇదే మాట మళ్ళీ మళ్ళీ వినిపించింది, మనిషి మారినా, చేసే వస్తువు మారినా.

మన డ్వాక్రా సంఘాలు గుర్తొచ్చాయి. అక్కడా ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని డబ్బు గురించి మాట్లాడుకోవడం నేను చిన్నప్పుడు చూశాను. అయితే జన్పీలో అప్పు లేదు, వాయిదా లేదు. ఒక నెల ఎవరైనా ఏమీ అల్లకపోతే ఎవరూ అడగరు. ఊళ్ళో చావు జరిగితే, దాన్ని వాళ్ళు సారీ బిజినెస్ అంటారు, వారాల తరబడి పని ఆగిపోతుంది. షాపు కూడా ఆగుతుంది. దాన్ని నష్టంగా రాసుకోకుండా, అలా ఆగడం మామూలేనని ముందే లెక్కలో పెట్టుకుని నడిపిస్తారు. పోయినవాళ్ళ పేరు చాలాకాలం పైకి అనరు, ఫొటో చూపించరు. అలాంటప్పుడు కేటలాగుల్లో కూడా పేరు మారుస్తారు. నేను కలిసిన వాళ్ళ పేర్లు ఇక్కడ రాయకపోవడానికి, ఫొటోలు తీయకపోవడానికి అదీ ఒక కారణం.

ఆలిస్‌లోనే పర్పుల్ హౌస్ అని ఒకటుంది. నిజానికి అది డయాలిసిస్ సంస్థ. వ్యాపారం గురించి వచ్చిన మనిషివి ఆస్పత్రికెందుకు అని మా అమ్మాయి అడిగింది. దాని కథ ఇది. ఆలిస్‌కి పడమరగా 500 కిలోమీటర్లకు పైగా దూరంలో కింటోర్ అనే ఊరుంది. 1990లలో అక్కడ కిడ్నీలు పాడైనవాళ్ళంతా డయాలిసిస్ కోసం ఆలిస్‌కి వచ్చి ఉండిపోవాల్సి వచ్చేది. అయినవాళ్ళకి, నేలకి దూరంగా, పట్నంలో బెంగపెట్టుకుని పోయినవాళ్ళెందరో. ఊళ్ళోనే మెషిన్ పెట్టండని అడిగితే కుదరదన్నారు. అప్పుడు కింటోర్, కివిర్‌కుర ఊళ్ళ మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి పెద్ద పెద్ద పెయింటింగులు వేశారు. 2000 నవంబరులో సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో వాటిని వేలం వేస్తే పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆ డబ్బుతో 2004లో కింటోర్‌లో డయాలిసిస్ మొదలైంది. ఇప్పుడు పదికి పైగా మారుమూల ఊళ్ళలో వాళ్ళ క్లినిక్‌లున్నాయి, ఒక ట్రక్కులో కూడా డయాలిసిస్ మెషిన్ తిరుగుతుంది.

దానికి అనుబంధంగా బుష్ బామ్ అని చిన్న వ్యాపారం నడుస్తోంది. ఇర్మంగ్కా-ఇర్మంగ్కా అనే పొద ఆకుని నూనెలో నానబెట్టి, వడకట్టి, తేనెమైనం కలిపి డబ్బాల్లో పోస్తారు. జలుబుకి, కీళ్ళనొప్పులకి రాసుకునే మందు. ఆకు ఏ కొండ పక్కన, ఏ వాన తర్వాత కోస్తే ఘాటుగా ఉంటుందో పెద్దవాళ్ళకే తెలుసు. కోసి తెచ్చినవాళ్ళకి డబ్బిస్తారు. వైద్యం కోసం పట్నంలో ఇరుక్కుపోయిన ఆడవాళ్ళు కూడా ఈ పనిలో ఉంటారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి గంటల తరబడి మెషిన్‌కి కట్టుబడి ఉండే మనిషికి, మిగతా రోజుల్లో తన చేతులతో తన ఊరి ఆకుని నలపడం ఎలా ఉంటుందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్నగారు డయాలిసిస్ మీద ఉన్న రోజులు చూశాను. నేనొక డబ్బా కొని అక్కడే మూత తీశాను. ఘాటైన ఆకు వాసన తలకెక్కింది.

తర్వాత లారపింటా డ్రైవ్ మీద పడమరకి, మెక్‌డానెల్ కొండల వెంట 130 కిలోమీటర్ల దూరం. ఎన్‌టారియా వచ్చింది. మ్యాపుల్లో హెర్మన్స్‌బర్గ్ అని ఉంటుంది. 1877లో జర్మన్ లూథరన్ మిషనరీలు పెట్టిన ఊరు. సున్నం కొట్టిన పాత కట్టడాలు, ఖర్జూరపు చెట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

హెర్మన్స్‌బర్గ్ పాటర్స్ 1990లో మొదలయ్యారు. వెస్టర్న్ అరండ అనే ఆదివాసీ ప్రజల ఆడవాళ్ళ సంస్థ. సంస్థలో అందరూ ఒకరికొకరు చుట్టాలే. మట్టిని తాళ్ళలా చేసి చుట్టుకుంటూ కుండ పైకి లేపుతారు. కాల్చాక దానిమీద తమ కొండలు, వాగులు, చెట్లు వేస్తారు. మూత మీద మట్టితో చేసిన చిలుకో, బల్లో, కంగారూనో కూర్చుని ఉంటుంది. బంతిని చేత్తో పట్టుకుని ఆడే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అంటే వీళ్ళకి ప్రాణం. ఎగిరి బంతి పట్టుకుంటున్న ఆటగాడు మూతగా ఉన్న కుండలు కూడా చేస్తారు. ముందే ఫోన్ చేసి వెళ్ళాం కాబట్టి స్టూడియోలోకి రానిచ్చారు. పొడవాటి బల్ల, దాని చుట్టూ ఆడవాళ్ళు, మధ్యలో టీ కప్పులు, రంగు సీసాలు. ఒకావిడ చిలుక రెక్కలకి ఆకుపచ్చ వేస్తూ తల ఎత్తకుండానే మమ్మల్ని కూర్చోమంది. మా అమ్మాయి ఆమెను ఆంటీ అని పిలిచింది. అక్కడ పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు.

"ఈ చెట్టు ఎక్కడుంది ఆంటీ?" అని అడిగితే బ్రష్‌తోనే కిటికీ వైపు చూపించింది. "మా నాన్న ఊరు. శనివారం వెళ్ళి చూసొచ్చాం. వాగులో నీళ్ళున్నాయి."

ఈ ఊరివాడే ఆల్బర్ట్ నమట్జిరా. 1902లో పుట్టిన ఈయన వాటర్ కలర్ కొండలు దేశంలో ఎన్నో ఇళ్ళలో గోడలమీద ఉండేవి. అంత పేరొచ్చినా సొంతంగా భూమి తీసుకుందామంటే ఆదివాసీ అని ఇవ్వలేదు. 1959లో పోయారు. ఆయన పోయాక బొమ్మల కాపీరైట్‌ని ప్రభుత్వ ట్రస్టీ 1983లో 8,500 డాలర్లకి బయటివాళ్ళకి అమ్మేశాడు. కుటుంబాన్ని అడగలేదు. దశాబ్దాలపాటు ఆ బొమ్మల మీద వాళ్ళకి రావాల్సింది రాలేదు. ఎంతో పోరాటం తర్వాత 2017లో ఒక్క డాలరుకి ఆ హక్కు నమట్జిరా కుటుంబం ట్రస్టుకి తిరిగొచ్చింది.

ఇది పాత గాయం మాత్రమే కాదు. ఇప్పుడు ఆడవాళ్ళు వ్యాపారం చేసే తీరు మీద దాని ముద్ర ఉంది. ఆలిస్‌కి పడమరగా హాస్ట్స్ బ్లఫ్ అనే ఊళ్ళో 1992లో ఆడవాళ్ళే చొరవ తీసుకుని మొదలుపెట్టిన ఇకుంట్జి ఆర్టిస్ట్స్ అనే సెంటర్ ఉంది. వాళ్ళ డిజైన్లు ఇప్పుడు బట్టల మీద అచ్చవుతున్నాయి. వాళ్ళ గుడ్డల్ని మార్కెట్‌ప్లేస్‌లో చూసినప్పుడు, డిజైన్ ఎవరిది, వాడుకుంటే ఎంత, ఎన్నాళ్ళకి అన్నవి కాగితం మీద ఉండాలని అక్కడివాళ్ళు ఎంత పట్టుదలగా మాట్లాడారో విన్నాను. 2010 జూన్ నుంచి దేశంలో ఒక చట్టం కూడా ఉంది. ఒక కళాఖండాన్ని కొన్నవాళ్ళు మళ్ళీ వెయ్యి డాలర్లకో అంతకు పైనో మార్కెట్లో అమ్మితే, అందులో 5 శాతం ఆర్టిస్టుకి రావాలి.

ఎన్‌టారియాలో మేనేజరు ఒక మాట చెప్పింది. ఆమె పనిలో సగం కుండలకి సంబంధించింది కాదట. ఒకరికి క్లినిక్‌కి ఫోన్ చేసిపెట్టడం, ఇంకొకరికి ప్రభుత్వ ఫారం నింపడం, బండి టైరు, స్కూలు మీటింగు. ఎడారి ఊళ్ళలో ఆర్ట్ సెంటర్ అంటే ఇవన్నీ. మేనేజర్లు ఎక్కువగా బయటి నుంచి వస్తారు, కొన్నేళ్ళుండి వెళ్ళిపోతారు. వాళ్ళు మారినప్పుడల్లా ఆడవాళ్ళే కొత్తవాళ్ళకి మళ్ళీ అన్నీ నేర్పాలి. ఇది వ్యవస్థలో పెద్ద బలహీనత అని నాకనిపించింది. ఆ ఊరి అమ్మాయిలకే ఆ కుర్చీ దక్కేలా, వాళ్ళకి లెక్కలూ మేనేజ్‌మెంటూ నేర్పే ట్రైనింగ్‌కి నిలకడగా డబ్బు పెట్టాలి. నిర్ణయాధికారం మాత్రం బోర్డుదే, బోర్డులో ఉండేది ఆర్టిస్టులే. ఇలాంటి సంస్థలు చాలావరకు ఓరిక్ అనే రిజిస్ట్రార్ దగ్గర ఆదివాసీ కార్పొరేషన్లుగా నమోదై ఉంటాయి. వాళ్ళు దాఖలు చేసే వార్షిక నివేదికలు ఎవరైనా ఆన్‌లైన్‌లో చదవొచ్చు. నేను రాత్రి మోటెల్‌లో కూర్చుని కొన్ని చదివాను. చాలా శ్రద్ధగా రాసిన లెక్కలు.

తిరుగు ప్రయాణంలో ఉలురు అనే పెద్ద ఎర్రరాతి కొండ వైపు తిరిగాం. ఆలిస్ నుంచి 450 కిలోమీటర్లు. ఆ కొండ గురించి అందరూ రాశారు. నేను చూడాలనుకున్నది కల్చరల్ సెంటర్‌లోని మారుకు ఆర్ట్స్. 1984లో మొదలైంది, అక్కడి ఆదివాసీలైన అనంగు ప్రజల సొంతం. చెక్కిన చెక్క గిన్నెల మీద, చెక్క బల్లుల మీద నిప్పుల్లో కాల్చిన తీగతో గీతలు దిద్దుతారు. ఆరుబయట నిప్పు దగ్గర కూర్చున్న ఆడమనిషి చేతిలో తీగ ఎర్రగా మెరుస్తూ చెక్కని తాకుతుంటే సన్నటి పొగ లేస్తోంది. కొలత లేదు, పెన్సిల్ గీత లేదు.

అంతకుముందు ఆలిస్‌లో ఒక సావనీర్ షాపులో అదే రకం గీతలున్న బూమరాంగులు గుట్టగా చూశాం. చేసినవాళ్ళ పేరు లేదు, ఊరు లేదు. ధర మాత్రం చాలా తక్కువ. 2022లో ప్రొడక్టివిటీ కమిషన్ అనే ప్రభుత్వ సలహా సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆదివాసీ శైలి అని అమ్మే సావనీర్లలో మూడింట రెండు వంతులు ఆదివాసీలు చేసినవి కావు. 2019లో ఫెడరల్ కోర్టు, ఇండోనేషియాలో చేయించిన వస్తువుల్ని ఆదివాసీలు చేసినవే అనిపించేలా అమ్మిన ఒక కంపెనీకి 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే ఆ కంపెనీ మూతపడింది. నిప్పు దగ్గర కూర్చున్న ఆ మనిషితో పోటీ పడుతున్నది ఇది. మంచి కళ, చెడ్డ కళ అన్న తేడా కాదిది. ఆమె తాతలు దిద్దిన గీతని ఎవరో ఎత్తుకుపోయి, ఆమె పక్క షాపులోనే ఆమె ధరలో పదో వంతుకి అమ్ముతున్నారు. దీనికి గట్టి చట్టం రావాలి. వచ్చేదాకా కొనేవాళ్ళమే అడగాలి.

కాబట్టి అటు వెళ్ళే మనవాళ్ళకి నాలుగు మాటలు. ఏది కొన్నా చేసినవాళ్ళ పేరు, ఊరు, ఆర్ట్ సెంటర్ పేరు ఉన్న కార్డు అడగండి. ఇవ్వలేకపోతే కొనకండి. ఆర్టిస్టులతో న్యాయంగా వ్యవహరిస్తామని అమ్మేవాళ్ళు ఒప్పుకుని చేరే ఇండిజినస్ ఆర్ట్ కోడ్‌లో షాపుకి సభ్యత్వం ఉందా అని అడగడం తప్పు కాదు. ఆర్ట్ సెంటర్లో బేరమాడకండి, ఆ ధర చేసినవాళ్ళతో కూర్చుని వేసింది. డెజర్ట్ మాబ్‌కి వెళ్ళాలంటే ఆలిస్‌లో గదులు చాలా ముందే నిండిపోతాయి. ఏపీవై లాండ్స్‌లోకి వెళ్ళాలంటే పర్మిట్‌కి వారాల ముందే అప్లై చేయాలి. ఊళ్ళో చావు జరిగితే ఆఖరి నిమిషంలో రావద్దంటారు, అప్పుడు వెనక్కి తిరిగిపోవాలి. ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బు వాళ్ళకే చేరుతుంది. చాలా ఆర్ట్ సెంటర్లకి సొంత వెబ్‌సైట్లున్నాయి, ఇండియాకి కూడా పంపుతారేమో ఒక ఈమెయిల్ రాసి అడగండి. జవాబు రావడానికి టైమ్ పడుతుంది. వాళ్ళు గడ్డి కోయడానికి వెళ్ళి ఉండొచ్చు.